హెల్మెట్లను కాపాడాల్సిన పెట్టెలే వాటిని పాడుచేశాయి: డబ్బు వాపసు, పరిహారం కోరుతూ లేఖ

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,

విషయం: మా టీమ్ కొలతలకు మీరు తయారుచేసి ఇచ్చిన నాలుగు డ్రైవర్ కిట్ పెట్టెల్లో లోపాలు, వాటివల్ల పాడైన హెల్మెట్లు.

అయ్యా / అమ్మా,

నేను గంటల తరబడి, డ్రైవర్లు మారుతూ నడిపే ఎండ్యూరెన్స్ రేసింగ్ టీమ్‌లో డ్రైవర్ల సామగ్రి చూసుకుంటాను. మాకు రెండు కార్లు, నలుగురు డ్రైవర్లు. హెల్మెట్లు, మెడను కాపాడే హాన్స్ పరికరాలు, సూట్లు, లోపల వేసుకునే, మంటకి తట్టుకునే నోమెక్స్ బట్టలు, హెల్మెట్ కింద తొడిగే బాలాక్లావాలు, గ్లవ్స్, బూట్లు, రేడియో ఇయర్‌పీసులు, ఇవన్నీ ఏ సర్క్యూట్‌కి వెళ్ళినా లెక్క తప్పకుండా, పొడిగా చేర్చడం నా పని. కారు చెడిపోతే మెకానిక్‌ని అడుగుతారు. ఒక గ్లవ్ కనబడకపోతే నన్ను అడుగుతారు.

ఇంతకాలం మామూలు రెడీమేడ్ ప్లాస్టిక్ పెట్టెల్లో, తువ్వాళ్ళు కుక్కి సర్దుకుని తిరిగాం. చూడ్డానికి బాగుండేది కాదు గానీ హెల్మెట్ ఒక్కటి కూడా చెడలేదు. ఈ సీజన్‌కి ఒక్కో డ్రైవర్‌కి ఒక్కో పెట్టె, అందులో ప్రతి వస్తువుకీ దాని చోటు ఉండాలని మీకు ఆర్డర్ ఇచ్చాం. సగం డబ్బు ముందే కట్టాం. కొలతలు తప్పకూడదని నాలుగు హెల్మెట్లూ, ఒక హాన్స్ మీ వర్క్‌షాపుకే పంపించాం. అవి తొమ్మిది రోజులు మీ దగ్గరే ఉన్నాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

పెట్టెలు పదకొండు రోజులు ఆలస్యంగా వచ్చాయి. ఆలస్యం గురించి నేను ఈ లేఖ రాసేదాన్ని కాదు. రేసింగ్‌లో పనిచేసేవాళ్ళకి ఆలస్యం కొత్తకాదు.

మూత తీయగానే జిగురు వాసన గుప్పుమంది. చెప్పులు కుట్టే చోట డబ్బా తెరిస్తే వచ్చే వాసన ఉంటుందే, అదే, అంతకు రెట్టింపు. కళ్ళు మండాయి. వెంటనే మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. "కొత్తది కదండీ, రెండు రోజులు మూత తీసి ఉంచండి, అదే పోతుంది" అన్నారు. ఫోమ్ అతికించడానికి ఏ జిగురు వాడారని అడిగితే "మేం ఎప్పుడూ వాడేదే" అన్నారు. విమానం సరుకు అప్పగించడానికి మాకు నాలుగు రోజులే ఉంది. ఉన్న టైమంతా మూతలు తెరిచే ఉంచి, ఫ్యాన్ పెట్టి, వాసన తగ్గిందనిపించాక సర్దాను. అది నా తప్పే, దాచుకోను. పాత పెట్టెల్లోనే పంపించి ఉండాల్సింది. కానీ రేసింగ్ హెల్మెట్లు పెట్టడానికే చేసిన పెట్టె హెల్మెట్‌కి పడకపోవచ్చని నాకు ఎలా తోస్తుంది?

మూడు రోజులు మూసి ఉన్న తర్వాత సర్క్యూట్‌లో తెరవబోతే రెండు పెట్టెలు అసలు తెరుచుకోలేదు. లాచ్‌లు అన్నీ తీసినా మూత కదల్లేదు. ఇది ఎందుకు జరుగుతుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు, అయినా నా మొదటి ఫిర్యాదుకి మీరు పంపిన జవాబులో "లాచ్‌లు సరిగా తీయకపోవడం" అని రాశారు కాబట్టి చెబుతున్నాను. నేల మీద మూసినప్పుడు పెట్టెలో ఉన్న గాలి, విమానం పైకి వెళ్ళి బయట ఒత్తిడి తగ్గినప్పుడు రబ్బరు సీలు సందుల్లోంచి కొంత బయటికి పోతుంది. కిందికి దిగాక బయటి గాలి మూతని అదిమిపెడుతుంది. అందుకే గట్టి సీలు ఉన్న పెట్టెలకి ఒత్తిడి సరిచేసే వాల్వ్ పెడతారు. మీ కొటేషన్ మూడో పేజీలో ఆ వాల్వ్ ఉంది. పెట్టె మీద మాత్రం లేదు. వాల్వ్ ఉండాల్సిన రంధ్రంలో నల్ల ప్లాస్టిక్ బిరడా ఒకటి కొట్టి, పైన మీ లోగో అంటించారు. లోగో పీకిన ఫోటో జతచేశాను. స్క్రూడ్రైవర్‌తో సీలు లేపి తెరవాల్సి వచ్చింది, ఆ పనిలో ఒక లాచ్ వంగింది. ఆ లాచ్ ఖర్చు మా మీద వేసుకుంటాం, దానికి పేచీ లేదు.

అసలు నష్టం లోపల ఉంది. ఫోమ్ అంచుకి ఆనుకుని ఉన్న చోట ఒక హెల్మెట్ అడుగు భాగం మెత్తబడింది. బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. రెండో పెట్టెలో హెల్మెట్‌కి అంత లోతుగా కాకపోయినా అదే వరస. ఇంకో దాని వైజర్ మీద, అంటే ముఖం ముందుండే అద్దం మీద, పొగ పట్టినట్టు తెల్లటి మసక, తుడిస్తే పోలేదు.

హెల్మెట్ లోపలి పొర పాలిస్టైరీన్, అంటే మనం థర్మోకోల్ అనే పదార్థపు గట్టి రకం. దెబ్బ తగిలినప్పుడు అది నలిగిపోయి తలకి చేరే దెబ్బని తగ్గిస్తుంది. థర్మోకోల్ ముక్క మీద పెట్రోలో, థిన్నరో పోస్తే ఏమవుతుందో స్కూలు పిల్లలకి కూడా తెలుసు. టొల్యూన్ లాంటి ద్రావకాలున్న జిగురు ఆరేటప్పుడు వదిలే ఆవిరి కూడా మూసిన పెట్టెలో అదే పని చేస్తుంది, కాకపోతే నెమ్మదిగా. వైజర్ పాలికార్బనేట్, దానికీ ద్రావకాలు పడవు. పెయింట్లు, ద్రావకాలు, పెట్రోలు తగిలితే హెల్మెట్ బలం పోవచ్చని, అది పైకి కనిపించకపోవచ్చని హెల్మెట్ తయారీదారులే వాటితోపాటు ఇచ్చే కాగితంలో రాస్తారు. రేసింగ్ సామగ్రి పెట్టెలు చేసే మీకు ఈ కాగితం చదివే తీరిక దొరకలేదా? నీళ్ళతో కలిపే జిగుళ్ళు ఉన్నాయి, వేడితో అతికే పద్ధతులున్నాయి. అసలు జిగురే లేకుండా ఫోమ్‌ని గాడిలో బిగించి వదిలేసినా మాకు సరిపోయేది.

రేసుకి ముందు సామగ్రిని తనిఖీ చేసే స్క్రూటినీలో టెక్నికల్ అధికారి హెల్మెట్ చేతిలోకి తీసుకుని ముందు వాసన చూశారు. తర్వాత లోపల వేలు పెట్టి నొక్కారు. ఇంకేమీ అడగలేదు, దానికి ఆమోదం స్టిక్కర్ వేయనన్నారు. రెండోదాన్ని మేమే పక్కన పెట్టేశాం. ఒక డ్రైవర్‌కి స్పేర్ హెల్మెట్ ఉంది కాబట్టి బతికిపోయాం. ఇంకొకరికి సరిపోయేది వెతికి, రేడియో కనెక్టర్ మార్చి, హాన్స్ పట్టీలు తగిలించే పోస్టులు బిగించి మళ్ళీ చూపించేసరికి మొదటి ప్రాక్టీస్ అయిపోయింది. ఆ గంటలో ఆయన గ్యారేజీలో కుర్చీలో కూర్చుని నా వంకే చూస్తున్నాడు. ఏమీ అనలేదు. అనుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఇప్పుడు ఆ తొమ్మిది రోజుల సంగతి. హెల్మెట్‌కి రెండు పక్కలా హాన్స్ పట్టీలు తగిలించే పోస్టులు బయటికి పొడుచుకుని ఉంటాయి. వెనక గాలిని మళ్ళించే చిన్న రెక్కలాంటి స్పాయిలర్ ఉంటుంది. మీరు కోసిన ఫోమ్‌లో పోస్టులకి చోటే లేదు. నున్నటి హెల్మెట్ బొమ్మ పెట్టుకుని కోసినట్టుంది. మూత వేస్తే బరువంతా ఆ రెండు పోస్టుల మీద, స్పాయిలర్ మీద పడుతోంది. నాలుగు పెట్టెల్లోనూ ఇంతే. మా హెల్మెట్లు మీ బల్ల మీద తొమ్మిది రోజులుంటే వాటి మీద ఒక్కసారైనా టేపు పెట్టి చూశారా? ఫార్ములా వన్‌లో 2003 నుంచీ హాన్స్ తప్పనిసరి. పోస్టు లేని రేసింగ్ హెల్మెట్ కొలత మీకు ఎక్కడ దొరికిందో నాకు నిజంగా అర్థం కాలేదు.

మీరు పంపిన ఆ జవాబులోనే ఈ నష్టాన్ని "పైపై మచ్చలు" అన్నారు. పోస్టు చుట్టూ నలిగితే పైపై మచ్చ కాదండీ. గుద్దుకున్నప్పుడు తల ముందుకి విసురుగా పోకుండా ఆపే పట్టీ దానికే తగిలించి ఉంటుంది. 2020 నవంబర్ 29న బహ్రెయిన్‌లో రొమేన్ గ్రోజాన్ కారు రెండు ముక్కలై మంటల్లో పడింది. దాదాపు 28 సెకన్లు ఆ మంటల్లో ఉండి ఆయన సొంతంగా బయటికి వచ్చాడు. గాయాలన్నిటిలో ఎక్కువగా చెప్పుకున్నవి చేతుల కాలిన గాయాలే. హెల్మెట్, హాన్స్, సూట్, గ్లవ్స్, కాక్‌పిట్ చుట్టూ తలని కాపాడే చట్రం హేలో, ఒక్కోటీ తన పని చేస్తేనే మనిషి బయటపడేది. వాటిలో ఏదో ఒకటి అంతకు ముందు వారం పెట్టెలో మెత్తబడి ఉంటే? నేను డ్రైవర్ల కుటుంబాల ముఖం చూసి పనిచేసేదాన్ని, "పైపై" అనే మాట నా దగ్గర వాడకండి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. తడి సూట్ల అరకి గాలి ఆడే రంధ్రాలు డ్రాయింగ్‌లో ఉన్నాయి, చేసిన దానిలో లేవు. పైగా అక్కడ నీళ్ళు పీల్చుకునే స్పాంజి రకం ఫోమ్ వేశారు. ఒక్క స్టింట్, అంటే తన వంతు ఒకసారి నడిపిన డ్రైవర్ సూట్ పిండితే నీళ్ళు కారతాయి, దాన్ని అందులో రాత్రంతా ఉంచితే పొద్దున్నకి ముక్కు మూసుకోవాల్సిందే. బూజు మరక పట్టిన నోమెక్స్‌కి బ్లీచ్ వేయడానికీ వీల్లేదు. ఖాళీ పెట్టె బరువు 19 కిలోలని రాసిచ్చారు, తూస్తే 26. సామగ్రిని తాత్కాలికంగా విదేశానికి తీసుకెళ్ళడానికి ఇచ్చే కస్టమ్స్ పత్రం, కార్నెట్‌లో మీరు ఇచ్చిన బరువే రాశాం, అక్కడి అధికారికి తేడా వివరించి చెప్పడానికి రెండు గంటలు పట్టింది. చక్రాలు మాత్రం బాగున్నాయి. గ్రావెల్ మీద కూడా సాఫీగా దొర్లాయి. ఈ ముక్క రాయకపోతే నేనూ పక్షపాతం చూపించినట్టవుతుంది.

విమానంలో సరుకు విసిరేసి ఉంటారని కూడా మీ జవాబులో ఉంది. పెట్టెల బయట గీత లేదు, మూల వంగలేదు, హెల్మెట్ల షెల్ మీద చిన్న సొట్ట లేదు. హెల్మెట్ తయారీదారుకి రెండూ పంపి పరీక్ష చేయించాం. లోపలి పొర ద్రావకం తగిలి చెడిందని, వాటిని ఇక వాడకూడదని వాళ్ళు రాసిచ్చారు. ఆ కాగితం కూడా జతచేశాను. కంచే చేను మేసిందంటే మీకు కోపం రావచ్చు, కానీ ఇంతకంటే సరిగ్గా చెప్పే మాట నాకు దొరకలేదు.

కాబట్టి ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లోపు మేము కట్టిన మొత్తం తిరిగి ఇవ్వాలి. పాడైన రెండు హెల్మెట్లకీ వైజర్‌కీ అయిన ఖర్చు, పరీక్ష ఫీజు బిల్లుల ప్రకారం చెల్లించాలి. బాగుచేసి ఇస్తామన్న మీ మాట మాకు అక్కర్లేదు, ఆ ఫోమ్ మీద మళ్ళీ హెల్మెట్ పెట్టను. మీరు వాడిన జిగురు పేరు, దాని సేఫ్టీ డేటా షీట్ మాత్రం రెండు రోజుల్లో పంపండి. మిగతా రెండు హెల్మెట్లు కూడా అదే పెట్టెల్లో ఉన్నాయి, వాటిని ఉంచాలో పారేయాలో తేల్చుకోవడానికి నాకు అది కావాలి. ఇదే పద్ధతిలో ఇంకే టీమ్‌కైనా పెట్టెలు చేసి ఉంటే, వాళ్ళకి ఫోన్ చేసి హెల్మెట్లు బయటికి తీయమని ఈ రోజే చెప్పండి. గడువులోపు జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. కాగితాలన్నీ వరసలో పెట్టి ఉంచాను.

పెట్టెలు మా వర్క్‌షాపు షెడ్డులో ఉన్నాయి. తీసుకెళ్ళడానికి మనిషిని పంపేముందు ఫోన్ చేయండి, శుక్రవారం నుంచి ఆదివారం దాకా రేసుల్లో ఉంటాం. నాలుగింటి మూతలూ తెరిచే ఉంచాను. నెల దాటింది, వాసన ఇంకా పోలేదు.

ఇట్లు,
డ్రైవర్ల సామగ్రి మేనేజర్
(టీమ్ తరఫున)