రేడియేటర్ ఒక్కటే మారిస్తే ఒడువదు

హన్మకొండ

ఒరేయ్ శీనూ,

హుజూరాబాద్‌ల బండి తీస్తే ఎల్కతుర్తి రాకముందే ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి పోతున్నదని, బోరు నీళ్లు పోసుకుంట నడుపుతున్ననని రాసినవ్. అది చదివినంక ఊకోబుద్ధి కాలె. మొన్ననే నా బండికి ఇదే పని చేయించిన.

నా దాంట్ల రేడియేటర్ మీది ప్లాస్టిక్ ట్యాంకు పగిలింది. అల్యూమినియం జాలి, ప్లాస్టిక్ కలిసేకాడ వెంట్రుకంత గీత, దాని చుట్టూ తెల్లటి పొడి. మిస్త్రి గోరుతోటి గీకంగనే ఆకుపచ్చ నీళ్లు ఊరినయ్. ఎనకట రాగి, ఇత్తడివి అయితే టంకం పెట్టి అంపుతుండిరి. దీనికి టంకం అంటదు. ఎంసీల్ రుద్దినా ఆ వేడికి, ప్రెజరుకు ఎన్నొద్దులు ఆగుతది? లీకులు ఆపే పొడి గిట్ల పోయకు, హీటర్ల సన్నటి గొట్టాలు పూడుకపోతయ్.

అసలు తమాషా థర్మోస్టాట్ కాడ అయింది, అదే ఇంజన్ వేడెక్కినంక తెరుచుకొని నీళ్లను రేడియేటర్‌కు ఇడిసే వాల్వు. పాతది ఇప్పి, గిన్నెల నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టిండు. దాని మీద 82 అని గుద్ది ఉన్నది, అంటే 82 డిగ్రీలకే తెరుచుకునుడు మొదలుపెట్టాలె. నీళ్లు తెర్లబట్టినయ్, అది మాత్రం నోరు తెరువలె! కొత్త రేడియేటర్ ఒక్కటే బిగించుకొని ఇంటికి పోతే, వారంల మళ్ల అక్కడికే పోతుంటి. అందుకే పైపులు, క్లిప్పులు, మూత కూడ మార్పిచ్చిన. మూతను అల్కగ చూడకు. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే మామూలుగ 107 డిగ్రీల కాడ తెర్లుతది. మూత ప్రెజర్ ఆపితేనే 120 దాటినా తెర్లకుండ ఉంటది. రబ్బరు ఎండిపోయిన మూత ఉన్నా లేనట్టే.

దుకాణపాయన ముందుగాల సన్న జాలిది అంటగట్టబోయిండు. పాతదాని పక్కన పెట్టి చూస్తే మందం సగం కూడ లేదు. నేను ఒప్పుకోలె. రామగుండం ఎండలకు అది తట్టుకుంటదా నువ్వే చెప్పు.

నీళ్లు నింపుడు మిస్త్రోళ్లు తొందర తొందరగ కానిస్తరు. అక్కడ్నే నిలబడాలె. హీటర్ ఫుల్ పెట్టి, ఇంజన్ ఐడిల్‌ల ఉంచి, మీది పైపు ఒత్తుకుంట లోపలి గాలి ఎల్లగొట్టాలె. బుడగలు ఆగి, ఫ్యాన్ దానంతటదే తిరిగి, మళ్ల దానంతటదే ఆగేదాక మా మిస్త్రి బానెట్ మూయలె. కూలెంట్ రంగు చూసి కొనకు, బండి పుస్తకంల ఏ రకం రాస్తే అదే పొయ్యి. బోరు నీళ్లకు మాత్రం దండం పెట్టు, మన దిక్కు నీళ్లకు లోపల గార కడతది.

నువ్వు వేడిమీదనే నడిపినవ్ కాబట్టి డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ చూసే పుల్ల) గుంజి చూడు. ఆయిల్ పాలు పోసిన చాయ్ లెక్క ఉంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద నీళ్లు, ఆయిల్ కలువకుండ ఆపే సీలు) కూడ పోయినట్టే అనుకో, అప్పుడు ఖర్చు లెక్కే వేరు. ఇంజన్ చల్లారకముందు మూత మీద చెయ్యి వెయ్యకు, ఆవిరి మొకం మీదికి తంతది.

ఇగ బండి తియ్యకు. ఛాసిస్ నంబర్ పంపు, ఇక్కడ ఆటోనగర్‌ల సామాను చూసిపెడత. ఆదివారం మిస్త్రిని ఎంటబెట్టుకొని నేనే వస్త. మధ్యాహ్నం అన్నం అక్కడ్నే, చెల్లెతోటి చెప్పు.

నీ
రాజిగాడు