ఒకటిన్నర శాతం

చి. మాధవికి నాన్న ఆశీస్సులు.

పలుచటి లోహపు పొరల మీద పరిశోధనకు డబ్బు అడుగుతూ నువ్వు పంపిన ప్రతిపాదనను నిధులిచ్చేవాళ్లు తిప్పి పంపారని అమ్మ చెప్పింది. ఫోనులో నీ గొంతు వింటే నేనే ముందు డీలా పడతానని కాగితం అందుకున్నాను.

"తక్షణ ప్రయోజనం కనిపించడం లేదు" అన్నారట. నిన్న షాపు మూసేముందు 2002 నాటి హార్డ్ డిస్కు ఒకటి విప్పాను. అద్దంలాంటి పళ్లెం, దాని మీదికి చాచిన సన్నటి చెయ్యి, ఆ చేతి కొసన, పళ్లెం మీది అయస్కాంత గుర్తులను చదివే నువ్వుగింజంత హెడ్డు. పాతికేళ్లుగా చూస్తున్నా, అందులో ఏముందో తెలిసింది నువ్వు ఈ బల్ల దగ్గర కూర్చుని చెప్పాకే. 1988లో జర్మనీలో, యూలిష్‌లోని ప్రభుత్వ పరిశోధనా కేంద్రంలో పీటర్ గ్రూన్‌బెర్గ్ రెండు ఇనుప పొరల మధ్య క్రోమియం పొర పెట్టి, అయస్కాంత క్షేత్రంలో ఉంచి చూశాడన్నావు. విద్యుత్ నిరోధం ఎంత మారింది? ఒకటిన్నర శాతం! అదే ఏడు ఫ్రాన్స్‌లో ఆల్బర్ ఫెర్ బృందం అలాంటి పొరలనే పదుల కొద్దీ పేర్చి, నిరోధం దాదాపు సగానికి తగ్గేలా చేసింది. అదీ గాలి కూడా గడ్డకట్టే ద్రవ హీలియం చలిలో. ఆ చలిలో ఎవరు కంప్యూటర్ వాడతారని అడిగే పెద్దమనిషి అక్కడా ఉండే ఉంటాడు. 1997కల్లా ఐబీఎం, అయస్కాంత క్షేత్రం మారితే నిరోధం మారే ఆ సూత్రంతో పనిచేసే హెడ్డు పెట్టి డిస్కులు అమ్మింది. 2007లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ప్రయోగానికీ అమ్మకానికీ మధ్యే తొమ్మిదేళ్లు; నీకిచ్చే గడువేమో మూడేళ్లు.

అలాగని వాళ్ల మీద కోపం తెచ్చుకోకు. జీఎస్టీ కట్టేటప్పుడు నా ప్రాణమూ ఉసూరుమంటుంది. ఆ డబ్బుకు లెక్క అడగాల్సిందే. మళ్లీ రాసేటప్పుడు మాత్రం "మూడేళ్లలో చిప్పు తెస్తాం" అనకు. "సాయంత్రానికి ఇచ్చేస్తాను" అని నోరు జారి నేను తిన్న చీవాట్లు చాలు. ఏ పొర మందం మార్చి ఏం కొలుస్తావో, ఏ అంకె వస్తే నీ ఊహ తప్పని ఒప్పుకుంటావో రాయి. పొరలు వేసే యంత్రం ఇప్పుడే అడగకు. దాని ధర విని మీ అమ్మ రెండుసార్లు సున్నాలు లెక్కపెట్టింది. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బొంబాయి నానో ప్రయోగశాలలను బయటి పరిశోధకులు వాడుకోవడానికి కేంద్రం పథకం పెట్టిందని నువ్వే అన్నావు. ముందు అక్కడ ఒక్క నమూనా చేసి, దాని కొలత జతచెయ్యి. ఒకటిన్నర శాతమే వస్తే అదే రాయి.

ఆ హెడ్డును అగ్గిపెట్టెలో పెట్టి పార్శిల్లో పంపుతున్నాను. అమ్మ అందులోనే కందిపొడి కూడా పెట్టింది, చూసి విప్పు.

నాన్న