పిల్లల కోసం నగరపాలక సంస్థ బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు కావాలి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ నగరపాలక సంస్థ బడ్జెట్ అనగానే రోడ్లు, మురుగు కాలువలు, మంచినీళ్ల మీదే చర్చంతా నడుస్తుంది. అవి కావలసినవే. కానీ కష్టాల్లో కూరుకుపోయిన కుటుంబాలకు, వాటిలోని పిల్లలకు సకాలంలో అండగా నిలవడానికి సొంత నిధులతో ఒక ప్రత్యేక పద్దు కూడా ఉండాలి.

నేను సింగ్‌నగర్ ప్రాంతంలో ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా బడిలో ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడి తండ్రి ఆటో నీట మునిగింది. ఇంజను బాగుచేయించడానికి వడ్డీకి అప్పు తెచ్చారు. దసరా సెలవుల్లో పిల్లవాణ్ణి ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పనికి పెట్టారు. బడి తెరిచాక వాడు రాలేదు. వెతుక్కుంటూ వెళ్లేసరికి చేతులు మోచేతుల దాకా నల్లబడి, డీజిలు గిన్నెలో నట్లు కడుగుతున్నాడు. ‘బాకీ తీరగానే పంపిస్తాం మాస్టారూ’ అంది తల్లి. ఆమెను తిట్టడానికి నాకు నోరు రాలేదు. అప్పు చేయకముందే ఎవరైనా ఆ ఇంటి గడప తొక్కి, కాస్త సొమ్ము సర్దుబాటు చేసి ఉంటే ఆ పిల్లవాడి చదువు ఆగేది కాదు.

పథకాలు లేవా అంటే ఉన్నాయి. పిల్లల సంరక్షణ కోసం ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్‌గా నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. కానీ పట్టణాల్లో కుటుంబ వార్షికాదాయం 96,000 దాటకూడదు. అంటే నెలకు 8,000. తండ్రి ఆటో నడిపి, తల్లి నాలుగిళ్లలో పాచిపని చేస్తే ఆ గీత దాటిపోతారు. పైగా ఆ సాయం ప్రధానంగా అనాథలు, వితంతువుల బిడ్డలు, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో ఉన్న పిల్లల వంటి వారి కోసం. తండ్రి బతికే ఉండి కూలి డబ్బంతా తాగేస్తుంటే, ఆ బిడ్డల ఆకలి ఏ కాగితం మీదికీ ఎక్కదు.

పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయవచ్చు. దిక్కులేని పిల్లవాడు దొరికితే 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలని చట్టం చెబుతోంది. మంచి చట్టమే. కానీ అదంతా ఇల్లు చెదిరిన తర్వాతి సంగతి. మన రైల్వే స్టేషన్‌లో ఒంటరిగా దిగిన పిల్లల కోసం ఒక ఏర్పాటు ఉంది. కానీ మన పేదలుండే వాంబే కాలనీ నుంచి ఇల్లు విడిచి రైలెక్కే పిల్లవాడి ఇంటికి ముందుగా వెళ్లవలసింది ఎవరు?

ఇది రాష్ట్ర శాఖల పని అంటారు. ఒప్పుకోను. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థల పనులుగా పేర్కొన్న 18 అంశాల్లో పట్టణ పేదరిక నిర్మూలన, బలహీన వర్గాల ప్రయోజనాల పరిరక్షణ ఉన్నాయి. 2019లో వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు మహిళా సంరక్షణ కార్యదర్శి పోస్టులు కూడా వచ్చాయి. కానీ ఇతర బాధ్యతలతో పాటు ఇంటింటి గోడూ ఆమే వినాలంటే అయ్యే పని కాదు.

కాబట్టి పేద బస్తీలున్న డివిజన్లలో కుటుంబాలను క్రమం తప్పకుండా కలిసే శిక్షణ పొందిన ఉద్యోగులను నియమించాలి. వారికి నెలనెలా జీతం అందాలి, తాత్కాలికమంటూ ఏటా మార్చకూడదు. అత్యవసరంలో రెండు మూడు రోజుల్లో చేతికందే చిన్న సహాయ నిధి వారి దగ్గరే ఉండాలి. అంగన్‌వాడీ ఆరేళ్ల లోపు వారికే. బడి విడిచాక తల్లి పని నుంచి వచ్చేదాకా పెద్ద పిల్లలు వీధిలోనే ఉంటున్నారు. సాయంత్రం తాళం పడే మున్సిపల్ బడి గదుల్ని రాత్రి ఎనిమిది దాకా తెరిచి, ఒక టీచరునూ ఇంత ఉప్మానూ ఏర్పాటు చేస్తే చాలు. దీనికి కొత్త భవనాలక్కర్లేదు.

ఈ పద్దు కింద ఎంత కేటాయించారో, ఎంత ఖర్చయిందో మూడు నెలలకోసారి 64 డివిజన్ల వారీగా సచివాలయాల నోటీసు బోర్డుల్లో పెట్టాలని మేయరును, కమిషనరును కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ