వార్షిక నివేదిక 2024–25: బట్ట బిగువు మీద నడిచిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు ఏటా మీ చేతికి వచ్చే కాగితమే ఇది. నెలనెలా కలవడం ఈసారి కూడా ఆగలేదు. ఎండాకాలంలో మాత్రం మధ్యాహ్నం మాని పొద్దున్నే కూర్చున్నాం. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం, అందులో అడగవలసినవి ఉంటే కోశాధికారి సమావేశంలో జవాబు చెబుతారు. కొత్తగా చేరినవారికి స్వాగతం. చందా బాకీ ఉన్నవారికి విడిగా ఫోన్ వస్తుంది. ఇక మిగతా నివేదికంతా దాదాపు ఒకే సంగతి: మన ఎంబ్రాయిడరీకి రింగులో, ఫ్రేములో బట్టను బిగువుగా నిలపడం.

ఆ సంగతే ఎందుకు పట్టుకున్నామో చెప్పాలి. కిందటేడాది చివర్లో పెట్టిన ప్రదర్శనకు అందరం ఒకే చార్టు చూసి కాకతీయ కళాతోరణం కుట్టాం. అందరిదీ 14 కౌంట్ మ్యాటీయే, అంటే అంగుళానికి 14 గళ్లు వచ్చే గళ్ల బట్ట. అందరివీ అవే దారాలు. గోడకు పక్కపక్కన తగిలించాక చూస్తే కొన్నిటిలో స్తంభాలు నిటారుగా ఉన్నాయి, కొన్నిటిలో పక్కకు ఒరిగాయి. ఒకదానిలో స్తంభాలు రెండూ బాగానే ఉన్నాయి గానీ పైనున్న అడ్డదూలం నడుమ కుంగినట్టుంది. గళ్లు లెక్కపెడితే ఎక్కడా తప్పు లేదు. వరంగల్ కోటలో నాలుగు దిక్కులా వందల ఏళ్లుగా నిలబడ్డ తోరణం మన బట్ట మీదికి వచ్చేసరికి ఒరిగిపోయిందేమిటని నవ్వుకున్నాం. పువ్వులు, చిలుకలు కుట్టినన్నాళ్లూ ఈ లోపం బయటపడలేదు. కాడ కాస్త వంగినా పువ్వు పువ్వులాగే కనిపిస్తుంది. రాతి స్తంభం వంగితే దాచడానికి లేదు.

లోపమంతా బట్టను రింగులో ఎక్కించిన తీరులో ఉంది. అందుకే ఈ ఏడు కొత్త డిజైన్ ఏదీ ఇవ్వకూడదని కార్యవర్గం తీర్మానించింది. ఏడాది పొడవునా రింగు బిగించుకుంటూ కూర్చోవాలా అని కొందరు గట్టిగానే అడిగారు. ఆ మాట మినిట్స్ పుస్తకంలో కూడా రాశాం.

మొదటి సమావేశాలు రింగులకే సరిపోయాయి. మనలో ఎక్కువమంది వాడేవి 5, 6, 8 అంగుళాల చెక్క రింగులు. నున్నటి చెక్క మీద బట్ట కుట్టు కుట్టుకీ కొంచెం కొంచెం జారుతూ ఉంటుంది. ఉదయం బిగించింది మధ్యాహ్నానికి వదులయ్యేది అందుకే. దీనికి మందు లోపలి రింగుకు నాడా చుట్టడం. అందరిచేతా కూర్చోబెట్టి చుట్టించాం. లంగాలకు ఎక్కించే చదునైన నూలు నాడా కావాలి. గుండ్రంగా పేనింది పనికిరాదు, నైలాన్‌ది అసలే వద్దు. రింగు మీద ఏటవాలుగా మొదలుపెట్టి, ఒక్కో చుట్టు ముందు చుట్టు మీద సగం పడేలా, ముడతలు రాకుండా గుంజుతూ చుట్టాలి. చివర్న లోపలి ముఖం వైపు నాలుగు కుట్లు వేసి ఆపాలి. బట్టను తాకే ముఖం మీద ముడి పడితే అక్కడ ఉబ్బి, దాని పక్కన వదులు మిగులుతుంది. నాడా చుట్టాక రింగు లావెక్కుతుంది కాబట్టి బయటి రింగు స్క్రూను ఇంకాస్త వదలాలి. స్క్రూ మరీ పొట్టిగా ఉన్న చవక రింగులకు ఇది కుదరలేదు. వాటికి పాత నూలు చీరను సన్నటి పేలికలుగా చింపి చుట్టుకున్నారు, బాగానే పనిచేస్తోంది.

తర్వాత బట్ట ఎక్కించడం. మనలో చాలామందికి ఉన్న అలవాటు, రింగు బిగించాక నాలుగు మూలలా బట్ట పట్టుకుని లాగడం. మ్యాటీకి పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డ పోగులు) ఉంటాయి. వాటి వెంట లాగితే గడి గడిలాగే ఉంటుంది. మూలలకు లాగితే ఆ గడి వాలిపోతుంది. వాలిన గళ్ల మీద కుట్టిన స్తంభం రింగు తీశాక కూడా సరికాదు, కుట్లు బట్టను అక్కడే పట్టేస్తాయి. కాబట్టి ముందు పైకీ కిందికీ, తర్వాత ఎడమకూ కుడికీ, మళ్లీ పైకీ కిందికీ, ఒక్కో విడతకు స్క్రూ కొద్దిగా తిప్పుతూ రావాలి. ఆపైన రింగు అంచు దగ్గర గళ్ల వరుసను చూడాలి. నడుమ తిన్నగా ఉండి అంచున వంపు తిరిగితే విప్పి మళ్లీ ఎక్కించడమే. విసుగే. అయినా కుట్టింది ఊడదీయడం కన్నా ఇది నయం.

ఎంత బిగువు ఉండాలన్న దాని మీద ఒక పూటంతా వాదన నడిచింది. వేలితో కొడితే డప్పులా మోగాలని ఒక పక్షం, అంత వద్దని ఇంకో పక్షం. నాకు తోచింది ఇది. పెద్ద ఫ్రేములో నాలుగు వైపులా సమంగా లాగే వీలుంటుంది కాబట్టి మోగేంత బిగించినా ఇబ్బంది లేదు. చిన్న రింగులో అంత లాగితే మ్యాటీ రంధ్రాలు సాగుతాయి. రింగు తీయగానే బట్ట వెనక్కి ముడుచుకుని కుట్లు వదులుగా పైకి లేస్తాయి. మరీ వదులైతే దీనికి తలకిందులు: దారం లాగిన ప్రతిసారీ బట్ట ముడుచుకుంటుంది, కడిగి ఇస్త్రీ చేసినా ఆ ముడతలు పూర్తిగా పోవు. వేలితో నొక్కితే కొద్దిగా దిగి, వేలు తీయగానే పైకి రావాలి. రింగుకు అది చాలు.

దీనికి జతగా రెండు చిన్న విషయాలు. కుడిచేత్తో కుట్టేవారు స్క్రూను గడియారంలో పది, పదకొండు అంకెలు ఉండే చోట పెట్టుకుంటే దారం దానికి చిక్కుకోదు. ఎడమచేతివారికి అది ఒకటి, రెండు దగ్గర. ఇక పని ఆపగానే రింగు తీసేయాలి. ఈ మాట మన సంఘంలో ఎన్నిసార్లు చెప్పినా కొందరి బట్ట వారాల తరబడి రింగులోనే ఉంటోంది. ఆ గుండ్రటి మడత, దాని వెంబడి పేరుకున్న మురికి చూస్తే నాకు కోపం వస్తుంది, దాచుకోను. వంటింట్లోంచి పసుపు చేతులతో, తలకు రాసిన కొబ్బరినూనె జిడ్డుతో వచ్చి రింగు పట్టుకుంటే ఆ వలయం ఇంకా ముదురుతుంది. ఎప్పుడూ చేయి ఆనే చోట పాత నూలుబట్ట పట్టీ కప్పుకోండి. మరక పడితే ముందు ఉతకాలి, తర్వాతే ఇస్త్రీ. మురికి మీద వేడి పెట్టె పెడితే మరక అక్కడే నిలిచిపోతుంది. ఉతికాక కుట్టు వైపు కిందికి వచ్చేలా మెత్తటి తువ్వాలు మీద పరిచి, వెనకనుంచి చేయండి. వానాకాలంలో ఇనుప స్క్రూలు తుప్పు పడతాయి. ఒక సభ్యురాలి తెల్లబట్ట మీద తుప్పు మరక పడ్డాక చాలామంది ఇత్తడి స్క్రూల రింగులకు మారారు.

ఈ ఏడాదిలో అందరికీ గుర్తుండిపోయిన పూట మగ్గం వర్క్ చేసే ఒక మాస్టారు మన దగ్గరికి వచ్చినది. పెళ్లి జాకెట్లకు రాత్రింబవళ్లు పని చేసే మనిషి, మనకోసం ఒక పూట వదులుకున్నారు. మగ్గాన్ని అందరం చూసినవాళ్లమే, దాని మీద కుట్టించుకున్నవాళ్లమే. బట్ట ఎలా ఎక్కిస్తారో మాత్రం ఎప్పుడూ గమనించలేదు. రెండు పొడవాటి కర్రలు, వాటికి ముందే కొట్టి ఉంచిన గుడ్డ పట్టీ. మన బట్ట రెండు అంచులనూ ఆ పట్టీలకు కుడతారు. కర్రల చివర ఉన్న సందుల్లోంచి రంధ్రాలున్న అడ్డ పట్టెలు దూర్చి, బట్ట చాలినంత బిగిశాక ఆ రంధ్రాల్లో మేకు పెట్టి ఆపుతారు. ఇక మిగిలిన రెండు పక్కలు. అక్కడ బట్ట అంచులోంచి అడ్డ పట్టె చుట్టూ గట్టి దారం అల్లుకుంటూ పోతారు.

మన అక్క ఒకరు దారం అల్లాక అలవాటు ప్రకారం బట్ట అంచు పట్టుకుని లాగబోయారు. ఆయన చేయి అడ్డుపెట్టి, "బట్టను గుంజొద్దమ్మా, దారాన్ని గుంజు" అన్నారు. నడుమనుంచి మొదలుపెట్టి అటొక లూపు, ఇటొక లూపు వేలితో లాగుతూ చివరి దాకా వచ్చారు. బట్టకు ఆయన చేయి తగలనే లేదు, గళ్లన్నీ తిన్నగా వచ్చాయి. మర్నాడు పని మొదలుపెట్టే ముందు మళ్లీ అదే వరుసలో ఒకసారి లూపులు లాగితే చాలట, విప్పి కట్టే పని లేదు. మ్యాటీ కోసిన అంచు పోగులూడే రకం కాబట్టి మనం ముందు ఆ అంచును మడిచి, లోపల నాడా పెట్టి కుట్టి, ఆ నాడాలోంచి దారం తీసుకున్నాం. లేకపోతే దారం బట్టను కోసేస్తుంది.

ఆ తర్వాత వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నేల మీద పరిచే మందపాటి నూలు పరుపులు) నేసే మగ్గం ఒకటి చూసి వచ్చాం. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి మీకు తెలిసిందే. మేం చూడాలనుకున్నది దర్రీని కాదు, మగ్గం మీద దాన్ని పట్టి ఉంచే తీరును. పడుగు ఎప్పుడూ బిగిసే ఉంటుంది, దానితో పేచీ లేదు. నేసేకొద్దీ పేక వైపు వెడల్పు లోపలికి ముడుచుకుంటుంది. అలా కాకుండా కొనలకు మేకులున్న కర్ర ఒకటి అడ్డంగా గుచ్చి పెడతారు, నేత ముందుకు సాగేకొద్దీ దాన్నీ జరుపుతారు. మన రోలర్ ఫ్రేములో వచ్చే చిక్కు కూడా ఇదే అని అక్కడ నిలబడ్డప్పుడు అర్థమైంది. పైనా కిందా రోలర్లు గట్టిగా పట్టుకుంటాయి, పక్కలు మాత్రం దిక్కులేకుండా వదిలేస్తాం. రోలర్ ఫ్రేము కొని "బిగువు నిలవడం లేదు" అని మూలన పడేసినవారంతా పక్కలకు దారం అల్లి మళ్లీ చూడండి.

ఆ రెండు పూటల ఫలితమే సంఘం చేయించిన కొత్త ఫ్రేములు. వడ్రంగి దగ్గర కూర్చుని, మన కొలతలతో చేయించాం. రోలర్లకు మంచాలకు వాడే నవారు కొట్టించాం. నాడా కన్నా మందం, మేకుల దగ్గర చిరగదు. సభ్యులు వంతులవారీగా ఇంటికి తీసుకెళ్లవచ్చు. ఫ్రేము అడిగే ముందు మీ బట్ట కొలత లెక్క వేసుకుని రండి: 14 కౌంట్ మీద 140 గళ్ల డిజైన్ 10 అంగుళాలు వస్తుంది, చుట్టూ మూడేసి అంగుళాలు వదిలితే 16 అంగుళాల బట్ట. రోలర్ మీద నవారు అంతకన్నా వెడల్పు ఉండాలి. 28 కౌంట్ ఈవెన్‌వీవ్ (పడుగు, పేక పోగులు సమంగా ఉండే బట్ట) మీద రెండేసి పోగులు దాటి కుట్టినా లెక్క ఇదే.

పీవీసీ ఫ్రేముల ప్రయోగం సగమే ఫలించింది. ముప్పావు అంగుళం పైపు ముక్కలు, నాలుగు ఎల్బోలు, పైన నొక్కి పట్టడానికి అదే పైపును నిలువునా కోసి చేసిన క్లిప్పులు. ఖర్చు తక్కువ, బరువు తక్కువ, క్లిప్పును బయటికి తిప్పితే బట్ట బిగుస్తుంది. కోసిన అంచులను ఉప్పు కాగితంతో బాగా రుద్దకపోతే మాత్రం బట్ట పోగులు లేస్తాయి. చిన్న పనులకు పరవాలేదు. పెద్ద సైజులో పైపే లోపలికి వంగుతోంది, వద్దు.

చేతిలోనే బట్ట పట్టుకుని కుట్టేవారు మన సంఘంలో ఉన్నారు, ఉంటారు కూడా. తండాల నుంచి వచ్చే సభ్యులు మందపాటి బట్ట మీద ఏ ఫ్రేమూ లేకుండా ఎంత సమంగా కుడతారో అందరం చూశాం. ఆ పద్ధతిలో సూదిని బట్టలో ఒక్కసారే గుచ్చి తీస్తారు, దానికి బట్ట కాస్త వదులుగానే ఉండాలి. ఫ్రేములో బిగించాక అలా కుదరదు. సూది పైనుంచి కిందికి గుచ్చాలి, మళ్లీ కిందనుంచి పైకి. స్టాండు ఉంటే ఒక చేయి పైన, ఒకటి కింద పెట్టుకుని పని వేగంగా సాగుతుంది. రింగు పట్టుకుని బొటనవేలు నొప్పి పుడుతోందన్న పెద్దవారికి స్టాండు వల్ల చాలా మేలు జరిగింది. ఎవరికి చేతివాటం ఎలా ఉంటే అలా కుట్టవచ్చు, ఫ్రేము వాడి తీరాలన్న నిబంధన ఏదీ పెట్టడం లేదు.

ఒక ఫిర్యాదు కూడా నమోదు చేయాలి. ఏడాది కష్టపడి కుట్టిన ముక్కను ఒక సభ్యురాలు ఫ్రేము కట్టించడానికి దుకాణంలో ఇస్తే, అట్టకు జిగురు పూసి అంటించి ఇచ్చారు. బట్ట వంకరగా అతుక్కుంది, ఊడదీస్తే వెనక కుట్లు లేచాయి. ఇన్నాళ్ల బిగువూ ఆ ఒక్క పనితో పోయింది. జిగురు పెట్టకుండా ఇది మనమే చేసుకోవచ్చు. యాసిడ్ లేని మందపాటి అట్ట మీద బట్ట పరిచి, ఒక్కో వైపు నడుమనుంచి మూలలకు గుండుసూదులు అట్ట అంచులోకి గుచ్చుకుంటూ రావాలి. గళ్ల వరుస అట్ట అంచుకు సమంగా ఉందని చూసుకుని, వెనకవైపు గట్టి దారంతో అటూ ఇటూ అల్లి బిగించాలి. మగ్గం మాస్టారు చూపిన పద్ధతే, అట్ట వెనకకు మారింది. దుకాణంవారికి అలా సిద్ధం చేసిన ముక్కనే ఇవ్వండి, ఫ్రేమూ అద్దమూ మాత్రం వారిని వేయమనండి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదన: కళాతోరణం చార్టునే మళ్లీ అందరం కుడదాం, ఈసారి ఫ్రేముల మీద. కొత్త డిజైన్ కావాలన్నవారు సమావేశంలో చేయెత్తవచ్చు, ఓటుకు పెడతాం. మగ్గం మాస్టారిని మరో పూట పిలవడానికి, ఇంకొన్ని ఫ్రేములు చేయించడానికి ఖర్చు ఆమోదం కావాలి.

ఇంటికి తీసుకెళ్లిన ఫ్రేములన్నీ సమావేశం రోజున తెచ్చివ్వండి. నవారు ఎక్కడైనా ఊడి ఉంటే మీరు కుట్టి తేవద్దు, అలాగే తెండి. ఎక్కడ ఊడిందో వడ్రంగికి చూపించాలి.

కార్యదర్శి