పాండవుల గుట్టలకు పోయే ముందు

హనుమకొండ

ఒరేయ్ రమేశూ,

మంచిగున్నవా? సంక్రాంతి సెలవులకు పిల్లలను తీసుకొని పాండవుల గుట్టలు ఎక్కుతనన్నవు కదా, అందుకే ఇంత పెద్ద ఉత్తరం. అక్కడ ఎక్కుడు కంటే చూసుడే కష్టం. శానామంది బండల కాడ ఫోటోలు దిగి, ఆ బండల మీద పాతకాలపు మనుషులు రంగులతోని గీసిన బొమ్మలల్ల ఒక్కటన్న కనపడకుండనే వాపస్ వస్తరు.

వరంగల్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. పరకాల మీదుగ రేగొండ, అక్కడి నుంచి తిరుమలగిరి దిక్కు. పొద్దుగాల 7 గంటలకల్లా గుట్ట కింద ఉండున్రి. మనిషికి 2 లీటర్ల నీళ్లు పట్టుకో. ఏ గుండు కింద ఏముందో ఎరిగిన మనిషి వెంట ఉండాల్సిందే. ఎదురు పాండవులు, గొంతెమ్మ గుట్ట, తుపాకుల గుండు, ముంగిస బండ... బొమ్మలున్న ఈ చోట్ల పేర్లు చెప్పి అడుగు.

ఇగ అసలు ముచ్చట. ఈ బొమ్మలు 1990లో వెలుగులకొచ్చినయి. మధ్య శిలాయుగం, అంటే రాతి పనిముట్ల కాలం నుంచి, రాజుల కాలమైన మధ్యయుగం దాకా ఎవరెవరో గీసుకుంట పోయిన్రు. అడవి దున్న, జింక, పులి, చిరుత, విల్లంబులు, కత్తులు, స్వస్తిక్, సున్నాలు, చదరాలు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగులున్నయి. ఎరుపంటే మన అరుగులకు పూసే జాజే అనుకో. అండ్ల ఇనుముంటది, ఎండకు వెలిసిపోదు. బండ ముందుకు వంగి వాన పడని చోటనే వెతుకు. నీళ్లు కారి నల్ల చారలు పడ్డకాడ ఏం మిగలదు.

ఎండల నుంచి నీడలకు పోంగనే ఏం కనపడదు, ఐదు నిమిషాలు ఊకె నిలబడు. ఒక గీత దొరికితే దాని వెంబడే పో, కొమ్ము, వెన్ను, కాళ్లు ఒక్కొక్కటి తేలుతయి. దాని మీదికెళ్లి ఇంకో రంగు గీత అడ్డం పోతే, ఆ పైది తర్వాత గీసింది. పిల్లలకు పాండవుల కథ చెప్పు, దాంతోపాటు అక్కడ వేటాడి బతికిన మనుషుల సంగతి గూడ చెప్పు.

ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్న. బొమ్మ మసకగుందని నీళ్లు చల్లనియ్యకు. ఆ గడియ ఎర్రగ మెరుస్తది గాని, ఇసుకరాయి ఆ నీళ్లు పీల్చుకుంటది. ఆరేటప్పుడు లోపలి ఉప్పు పైకొచ్చి తెల్లపొర కడ్తది, రంగు పెచ్చులు లేస్తది. చేతులతోని తడుముడు గూడ వద్దు.

వాన పడ్డంక రెండు రోజులు ఆగాలె. తడిసిన ఇసుకరాయి మెత్తబడి, పట్టుకున్న అంచు ఊడి చేతికొస్తది. పైన తేనెతుట్టెలు కనపడితే సెంటు, పొగ, లొల్లి ఏదీ వద్దు. 4 దాటకముందే దిగుడు మొదలువెట్టున్రి, గుండ్ల సందుల తొందరగ చీకటైతది.

ముందురోజు రాత్రికే మా ఇంటికి రాన్రి, సద్ది కట్టిస్త.

నీ
సదానందం