హారతి పాటంటే కీర్తన కాదా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో తెలుగు వాగ్గేయకారుల మీద, అంటే పాట రాసి దానికి వరస (బాణీ) కూడా తామే కట్టేవాళ్ళ మీద, వచ్చిన రెండు పేజీల వ్యాసం చదివాను. అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగయ్య, మైసూరు వాసుదేవాచార్య, అందరూ ఉన్నారు. బాగా రాశారు. కత్తిరించి దాచుకున్నాను కూడా. కానీ రెండు పేజీలూ వెతికినా ఒక్క ఆడమనిషి పేరు కనపడలేదు. రాసినాయన కావాలని వదిలేశారని అనను. ఆ వరసలో ఆడవాళ్ళు కూడా ఉంటారన్న ఊహే మనకు తట్టదు.

నేను మదనపల్లెలో 31 ఏళ్ళు బడిపిల్లలకు సంగీతం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఇంటి దగ్గర పదిమంది దాకా పిల్లలు వస్తారు. వాళ్ళలో ఎనిమిదో తరగతి పాప ఒకతె ఈమధ్య పాటల పోటీకి వెళ్ళింది. దరఖాస్తులో ‘వాగ్గేయకారుడి పేరు’ అని ఒక గడి ఉంటే అందులో ‘తరిగొండ వెంగమాంబ’ అని రాసి, ‘శ్రీ పన్నగాద్రి వర శిఖరాగ్రవాసునకు’ పాడింది. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. న్యాయనిర్ణేత ఒకాయన మెచ్చుకుంటూనే, “బాగుందమ్మా, కానీ ఇది హారతి పాట కదా, ఏదైనా కీర్తన పాడి ఉంటే బాగుండేది” అన్నారట. పాప ఇంటికొచ్చి నన్నడిగింది: “టీచర్, కీర్తనకూ హారతి పాటకూ తేడా ఏంటి?” పల్లవీ చరణమూ అని ఏదో చెప్పబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఆ పాట నాకు నేర్పింది సంగీతం కాలేజీ కాదు, మా జేజి. శుక్రవారం సాయంత్రం పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని పాడేది. ఆమె పాడే వరస సౌరాష్ట్ర రాగానికి దగ్గరగా ఉండేదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. జేజికి రాగం పేరు తెలియదు. పాట ఎవరిదో మాత్రం తెలుసు. “మన తరిగొండమ్మది” అనేది.

తరిగొండ మాకు దూరం కాదు, గుర్రంకొండ పక్కనే. చిన్నతనంలోనే భర్త పోయినా బొట్టూ గాజులూ తీయనని ఎదురు నిలిచి, ఊళ్ళో మాటలు పడి, చివరికి తిరుమల చేరిన మనిషి వెంగమాంబ. అక్కడా సుఖం లేక తుంబురుకోనలో కొన్నాళ్ళు గడిపిందంటారు. ఈ కథ మా వైపు అందరికీ వచ్చు. రానిదల్లా ఆమె రాసిన పని లెక్క. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, రాజయోగసారం ఒక ఎత్తయితే, రుక్మిణీ నాటకం, గోపీ నాటకం, చెంచు నాటకం వంటి యక్షగానాలు ఇంకో ఎత్తు. యక్షగానమంటే పాటలతో నడిచే నాటకమే కదా!

ఇక్కడే నా గొడవంతా. ఆమె 1817లో పోయింది. అప్పటికి త్యాగయ్యకు 50 ఏళ్ళు. ఆయనా యక్షగానం తరహాలో నౌకాచరిత్రం రాశారు. అందులో గోపికలు పాడే ‘ఓడను జరిపే ముచ్చట’ను కచేరీల్లో సారంగ రాగంలో హాయిగా పాడుకుంటాం, కృతి అంటాం. గోపికల నోట మగాయన పెట్టిన పాట కృతి అయింది. గోపికల నోట ఆడమనిషి పెట్టిన పాట ఏమైంది? తిరుమలలో ఒక నానుడి ఉంది: ‘తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి’. రాత్రి స్వామిని నిద్రపుచ్చే ఏకాంతసేవలో రెండూ పక్కపక్కనే నడుస్తాయి. లాలి పాడిన తాళ్ళపాక ఇంటి పెద్దాయన అన్నమయ్య వాగ్గేయకారుడు. హారతి ఇచ్చినావిడ భక్తురాలు.

వరసలు దొరకవు కదా అంటారు. నిజమే, త్యాగయ్యకు వాలాజాపేట, ఉమయాళ్పురం శిష్యులు రాసిపెట్టారు, ఈమెకు అలాంటి వాళ్ళు లేరు. మరి అన్నమయ్యకు ఎవరున్నారు? రాగిరేకుల మీద రాగం పేరు ఉంది తప్ప వరస లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు కూర్చుని స్వరపరిచారు. తర్వాత నేదునూరివారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు. ఆ శ్రద్ధలో పావు వంతు తరిగొండ వైపు తిరిగితే చాలు. హారతులన్నీ కచేరీకి నిలబడతాయని నేననను. కొన్ని ఇంట్లోనే బాగుంటాయి. పాడి చూశాక కదా ఆ మాట అనాలి!

తమిళులు ఈ విషయంలో మనకంటే నయం. పాటలు రాసిన మదురై అంబుజం కృష్ణగారి ‘ఓం నమో నారాయణ’ కర్ణరంజని రాగంలో ఎందరు పాడలేదు! 1989లో పోయిన ఆవిడ పాట పాడటానికి అక్కడ ఎవరికీ మొహమాటం లేదు. మన తంజావూరు తెలుగులో కవయిత్రి రంగాజమ్మ మన్నారుదాస విలాసాన్ని యక్షగానంగా రాసి మూడు వందల ఏళ్ళు దాటింది. అందులోంచి ఒక్క దరువైనా, అంటే యక్షగానంలోని పాటైనా, ఈ తరం కచేరీలో నేను వినలేదు.

ఒకరిని అనే ముందు నా తప్పూ ఒప్పుకోవాలి. ‘జయ జయ ప్రియ భారత’ ప్రతి ఆగస్టు 15కూ పిల్లల చేత పాడించాను. “ఎవరిది?” అని అడిగితే “కృష్ణశాస్త్రిగారిది” అని 31 ఏళ్ళూ చెప్పాను. దానికి వరస కట్టింది ఆయన మేనకోడలు వింజమూరి అనసూయాదేవిగారని నాకు రిటైరయ్యాక గానీ తెలియలేదు. ఆవిడ 2019లో హ్యూస్టన్‌లో, 98 ఏళ్ళ వయసులో పోయారు. బతికుండగా తెలిసుంటే ఒక ఉత్తరం ముక్కైనా రాసేదాన్ని. నా దగ్గర చదివిన వందల మంది పిల్లల తలల్లో ఆ పాటకు ఇప్పటికీ సగం పేరే ఉంది. ఆ సగం చెప్పింది నేనే.

అందుకే మీకు ఒక విన్నపం. వాగ్గేయకారుల మీద మళ్ళీ రాసినప్పుడు వెంగమాంబకు ఒక పావు పేజీ ఇవ్వండి. కొండ మీద గుహలో తపస్సు చేసిన కథ వద్దు, అది మాకు వచ్చు. ఆమె యక్షగానంలోంచి ఒక దరువు తీసుకుని, సంగీతం తెలిసినవారి చేత స్వరం రాయించి వేయండి. మా పిల్లలకు మర్నాడే నేర్పుతాను.

మా పాప వచ్చే ఏడు పోటీకి కూడా అదే పాట పాడతానని పట్టు పట్టింది. ‘వాగ్గేయకారుడి పేరు’ అన్న గడి సంగతేం చేయాలని అడిగింది. ‘రుడి’ కొట్టేసి, ‘రిణి’ అని పైన చిన్నగా రాయమన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సంగీత ఉపాధ్యాయిని,
మదనపల్లె