ఫీజు సాయం చందా: జమా ఖర్చుల వివరణ

చందా ఇచ్చిన పెద్దలకు, మిత్రులకు, "లెక్క ఎప్పుడు చెప్తార్రా" అని రోజూ క్యాంటీన్‌లో నిలదీసినవాళ్లకు కూడా నమస్కారం. పరీక్ష ఫీజు కట్టలేకపోయిన తోటి విద్యార్థుల కోసం జూలై 8 నుంచి 19 వరకు ఒడిశాలోని మన బరంపురంలో వసూలు చేసిన డబ్బు లెక్క ఇది.

గంజాం జిల్లాలో తెలుగువాళ్లయినా ఒడియావాళ్లయినా చాలా ఇళ్లలో తండ్రో అన్నో సూరత్ మరమగ్గాల మీద ఉంటారు. అక్కడి డబ్బు ఇంటికి చేరేసరికి పదో తేదీ దాటుతుంది. మా కాలేజీలో ఫీజు గడువేమో 5. ఆ తర్వాత కడితే 200 ఫైను. నిర్లక్ష్యం వల్ల కట్టలేదని అనుకునేవాళ్లు ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడండి.

జమ: క్లాసుల్లో వసూలైంది 11,340. లెక్చరర్లు, సిబ్బంది ఇచ్చింది 6,500. బడాబజార్ దుకాణాల్లో 9,250. చందా అన్న మాట మన రెండు భాషల్లోనూ ఒకటే కాబట్టి అడగడం కష్టం కాలేదు. కాకపోతే ఒక చీరల షాపాయన మన ఊరి అమ్మవారి ఠాకురాణి జాతర చందా అనుకుని ముందు చిరాకుపడి, సంగతి విన్నాక 500 ఇచ్చారు. పాత బస్టాండు దగ్గర రెండు సాయంత్రాలు డబ్బా పట్టుకుని నిలబడితే 3,417 వచ్చింది. అందులో పిల్లలు ఆడుకునే 500 నోటు ఒకటి ఉంది, లెక్కలో కలపలేదు. ఫోన్‌పే ద్వారా పాత విద్యార్థులు, ఇతరులు పంపింది 14,200. తన కూతురి ఫీజు మేం కడుతున్నామని తెలిసి ఒక తండ్రి సూరత్ నుంచి పంపిన 1,000 కూడా ఇందులోదే. వద్దన్నా వినలేదు. మొత్తం 44,707.

ఫ్లెక్సీ మీద తన ఫొటో వేస్తే 5,000 ఇస్తానన్న నాయకుడి డబ్బు మేం తీసుకోలేదు.

ఖర్చు: 26 మందికి తలా 1,430 చొప్పున ఫీజు 37,180. వాళ్ల పేర్లు రాయం, అడగొద్దు. కాలేజీ రసీదులు మా దగ్గరున్నాయి. కరపత్రాలు వెయ్యి, ఒక వైపు తెలుగు, రెండో వైపు ఒడియా, 1,350. తెలుగు టైపింగ్ ఇచ్ఛాపురం మిత్రుడు ఉచితంగా చేసి పెట్టాడు. (కరపత్రం పైన మన ఊళ్లో పుట్టిన వి.వి. గిరి గారి గురించి నాలుగు లైన్లు ఎందుకని కొందరు అడిగారు. డబ్లిన్‌లో లా చదువుతూ అక్కడి ఐర్లండ్ స్వాతంత్ర్య ఉద్యమంతో సంబంధాల వల్ల 1916లో తిరిగి రావాల్సి వచ్చిన మనిషి ఆయన. చదువుకునేవాళ్లకి ఈ గొడవలెందుకు అనేవారికి అదే మా జవాబు.) ఫ్లెక్సీ 640, దీనికి బిల్లు తీసుకోలేదు, తప్పు మాదే. జిరాక్సులు, కాగితాలు 212.

ఇక ఎక్కువ వాదన జరిగిన ఖర్చు. కలెక్టరాఫీసు ఛత్రపురంలో ఉంది. గడువు తేదీ మార్చమని అర్జీ ఇవ్వడానికి 12 మంది బస్సులో వెళ్లి వచ్చాం, 720. ఫీజు కోసం ఇచ్చిన డబ్బుతో ఊళ్లు తిరగడమేమిటని ఫైనలియర్ అక్క ఒకరు మీటింగులో గట్టిగానే అడిగారు. ముగ్గురు వెళ్తే సరిపోయేదన్న మాట ఒప్పుకుంటున్నాం. కానీ అర్జీ ఇచ్చిన మూడో రోజున కాలేజీ ఈసారికి ఫైను ఎత్తేసింది. మా 26 మందికే లెక్కేసినా 5,200 మిగిలాయి. గడువు మారకపోతే ఏటా ఇదే డబ్బా పట్టుకుని ఇదే బస్టాండులో నిలబడాలి. అందుకే ఆ 720 నిధిలోనే రాశాం. అదే రోజు తాగిన టీలు, తిన్న బొండాలు 485 మాత్రం లెక్కలోంచి కొట్టేసి, వెళ్లినవాళ్లమే జేబుల్లోంచి వేసుకున్నాం. ఆ విషయంలో అక్క మాటే రైటు.

ఖర్చు మొత్తం 40,102. నిల్వ 4,605, ఇద్దరు సభ్యుల పేర జాయింటు ఖాతాలో ఉంది. వచ్చే సెమిస్టరు దాకా కదిలించం.

గడువును 15కి మారుస్తామని నోటిమాటగా చెప్పారు. కాగితం ఇంకా రాలేదు. రాకపోతే మళ్లీ ఛత్రపురమే, ఈసారి ముగ్గురమే.

లెక్కల పుస్తకం శనివారం దాకా మధ్యాహ్నం రెండు తర్వాత లైబ్రరీ వరండాలో ఉంటుంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. రసీదు బుక్కులో 87వ నంబరు కౌంటర్ కాగితం చిరిగిపోయింది. వసూలు చేసినవాడికి 100 అనే గుర్తు, అంతే రాశాం. ఆ నంబరు రసీదు మీ దగ్గరుంటే తెచ్చి చూపండి, ఎక్కువ ఇచ్చి ఉంటే సరిదిద్దుతాం.